కమాండ్ లైన్ నుంచి స్టాటిక్ రూట్ వేయడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంట్లో రెండో రూటర్ పెట్టి సీసీ కెమెరాలను వేరే నెట్‌వర్క్‌లో ఉంచినవాళ్లకు, ఆఫీసు వీపీఎన్ ఆన్ చేయగానే ఏదో ఒక సర్వర్ కనిపించకుండా పోయినవాళ్లకు, కాలేజీ ల్యాబ్‌లో రెండు సబ్‌నెట్‌లు (చిన్న నెట్‌వర్క్‌లు) కలపాల్సినవాళ్లకు ఏదో ఒక రోజు స్టాటిక్ రూట్ అవసరం పడుతుంది. కమాండ్ ఒక్క లైనే. చాలామంది ఇబ్బంది పడేది అది కొట్టాక వచ్చే ప్రశ్నల దగ్గర. అందుకే ఇక్కడ వాటికే ఎక్కువ చోటు ఇచ్చాను.

పేజీ అంతటా ఒకే ఉదాహరణ వాడుతున్నాను. ల్యాప్‌టాప్ అడ్రస్ 192.168.1.20. ఇంటర్నెట్ ఇచ్చే బ్రాడ్‌బ్యాండ్ రూటర్ 192.168.1.1. కెమెరాల కోసం పెట్టిన రెండో రూటర్‌కు ఇటువైపు అడ్రస్ 192.168.1.2, అటువైపు 192.168.50.1. కెమెరాల రికార్డర్ 192.168.50.10. ల్యాప్‌టాప్ నుంచి ఆ రికార్డర్‌ని తెరవాలి, అదీ పని.

కమాండ్లను పలికినట్టే తెలుగు లిపిలో రాశాను. మీరు టైప్ చేసేటప్పుడు ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కొట్టండి.

స్టాటిక్ రూట్ అంటే ఏమిటి? అది లేకుండా ఇన్నాళ్లూ ఎలా నడిచింది?

ప్రతి కంప్యూటర్‌లోనూ ఒక రూటింగ్ టేబుల్ ఉంటుంది. ఫలానా అడ్రస్‌కు వెళ్లే ప్యాకెట్‌ని ఎవరి చేతికి ఇవ్వాలి అన్నది అందులో రాసి ఉంటుంది. మామూలుగా మీ టేబుల్‌లో ముఖ్యమైనవి రెండే ఉంటాయి. ఒకటి మీ సొంత నెట్‌వర్క్, అంటే 192.168.1.0/24. (చివరి /24ని ప్రిఫిక్స్ అంటారు. అడ్రస్‌లో మొదటి 24 బిట్లు, అంటే మొదటి మూడు అంకెలు, నెట్‌వర్క్‌వి అని దాని అర్థం. మాస్క్‌గా రాస్తే 255.255.255.0.) అందులో ఉన్నవాళ్లకు నేరుగా పంపొచ్చు. రెండోది డిఫాల్ట్ రూట్, అంటే మిగతా లోకమంతా 192.168.1.1 ద్వారా వెళ్లాలి అని. ఈ రెండూ వైఫైకి కనెక్ట్ అవగానే డీహెచ్‌సీపీ (రూటర్ కంప్యూటర్లకు అడ్రస్‌లు పంచే పద్ధతి) ద్వారా వాటంతటవే వచ్చేస్తాయి కాబట్టి ఎవరికీ వాటి సంగతి పట్టదు.

192.168.50.10 మాత్రం ఈ రెండు లెక్కల్లో మొదటిదాంట్లో పడదు. కాబట్టి ల్యాప్‌టాప్ ఆ ప్యాకెట్‌ని బ్రాడ్‌బ్యాండ్ రూటర్‌కు ఇస్తుంది. ఆ రూటర్‌కు కెమెరాల నెట్‌వర్క్ సంగతే తెలియదు. దాన్ని ఇంటర్నెట్ కంపెనీ వైపు తోసేస్తుంది లేదా పారేస్తుంది. "192.168.50.0/24కి వెళ్లాలంటే 192.168.1.2ని అడుగు" అని మనం చేత్తో రాసి పెట్టే వరుసే స్టాటిక్ రూట్.

ముందు ఇప్పుడున్న టేబుల్ ఎలా చూడాలి?

విండోస్‌లో "రూట్ ప్రింట్". లినక్స్‌లో "ఐపీ రూట్". మ్యాక్‌లో "నెట్‌స్టాట్ -ఆర్ఎన్". వీటికి అడ్మిన్ హక్కులు అక్కర్లేదు, దేన్నీ చెడగొట్టవు. ఏ మార్పు చేసే ముందైనా ఈ అవుట్‌పుట్‌ని ఒక టెక్స్ట్ ఫైల్‌లో దాచుకోండి. తర్వాత ఎక్కడికి వెనక్కి వెళ్లాలో తెలిసేది దాన్నిబట్టే.

టేబుల్ మొత్తం చదవడం కన్నా ఉపయోగపడే కమాండ్ ఇంకొకటి ఉంది. లినక్స్‌లో "ఐపీ రూట్ గెట్ 192.168.50.10" కొట్టండి. ఆ ఒక్క అడ్రస్‌కు ప్యాకెట్ ఏ దారిన వెళ్తుందో కెర్నెల్ (లినక్స్ కేంద్ర భాగం) స్వయంగా చెబుతుంది. రూట్ వేయకముందు "వయా 192.168.1.1" అని వస్తుంది. వేశాక "192.168.50.10 వయా 192.168.1.2 డెవ్ డబ్ల్యూలాన్0 ఎస్ఆర్‌సీ 192.168.1.20" అని రావాలి. చివర ఉన్న ఎస్ఆర్‌సీ అడ్రస్‌ని చాలామంది చూడకుండా వదిలేస్తారు. జవాబు తిరిగి రావాల్సింది ఆ అడ్రస్‌కే కనుక దాన్ని తప్పక చూడండి. మ్యాక్‌లో దీనికి సమానమైనది "రూట్ గెట్ 192.168.50.10". విండోస్ పవర్‌షెల్‌లో "ఫైండ్-నెట్‌రూట్ -రిమోట్ఐపీఅడ్రస్ 192.168.50.10".

లినక్స్‌లో రూట్ వేసే కమాండ్ ఏది?

సుడో ఐపీ రూట్ యాడ్ 192.168.50.0/24 వయా 192.168.1.2

అంతే. ముందున్న సుడో అంటే అడ్మిన్ హక్కులతో నడుపు అని. కావాలంటే చివర "డెవ్" అని పెట్టి ఇంటర్‌ఫేస్ (వైఫై లేదా కేబుల్ కార్డు) పేరు చేర్చవచ్చు. గేట్‌వే (ప్యాకెట్‌ని ముందుకు పంపే రూటర్, ఇక్కడ 192.168.1.2) ఏ ఇంటర్‌ఫేస్ వైపు ఉందో కెర్నెల్ తనే కనిపెడుతుంది కాబట్టి చాలాసార్లు అవసరం ఉండదు.

పాత ట్యుటోరియల్స్‌లో "రూట్ యాడ్ -నెట్ 192.168.50.0 నెట్‌మాస్క్ 255.255.255.0 జీడబ్ల్యూ 192.168.1.2" అని కనిపిస్తుంది. అది నెట్-టూల్స్ ప్యాకేజీలోది. చాలా కొత్త డిస్ట్రిబ్యూషన్లలో ఆ ప్యాకేజీ ముందే ఇన్‌స్టాల్ అయి ఉండదు. కొత్తగా నేర్చుకునేవాళ్లు నేరుగా "ఐపీ"తోనే మొదలుపెట్టడం మంచిది.

విండోస్‌లో?

కమాండ్ ప్రాంప్ట్‌ని రైట్ క్లిక్ చేసి, అడ్మినిస్ట్రేటర్‌గా తెరవండి. తర్వాత:

రూట్ యాడ్ 192.168.50.0 మాస్క్ 255.255.255.0 192.168.1.2

ఇక్కడ "మాస్క్" అనే మాట మర్చిపోవద్దు. మాస్క్ ఇవ్వకపోతే విండోస్ 255.255.255.255 అనుకుంటుంది. అంటే నెట్‌వర్క్ మొత్తానికి కాకుండా ఆ ఒక్క అడ్రస్‌కే రూట్ పడుతుంది. ఏ ఎర్రరూ రాదు, "ఓకే" అని కూడా అంటుంది, పని మాత్రం జరగదు. "కమాండ్ తీసుకుంది కానీ కెమెరా రావట్లేదు" అని ఎవరైనా అంటే నేను మొదట చూసేది ఇదే.

పవర్‌షెల్ వాడేవాళ్లకు "న్యూ-నెట్‌రూట్ -డెస్టినేషన్‌ప్రిఫిక్స్ 192.168.50.0/24 -ఇంటర్‌ఫేస్ఇండెక్స్ 12 -నెక్స్ట్‌హాప్ 192.168.1.2". ఇందులో 12 అన్నది ఉదాహరణకే. మీ ఇంటర్‌ఫేస్ నంబరు "రూట్ ప్రింట్" పైభాగంలో, అడాప్టర్ పేరుకు ఎడమవైపు ఉంటుంది. ఒక తేడా గుర్తుంచుకోండి. "రూట్ యాడ్"తో వేసింది రీస్టార్ట్‌తో పోతుంది. "న్యూ-నెట్‌రూట్"తో వేసింది, మీరు వేరేలా చెప్పకపోతే, రీస్టార్ట్ తర్వాత కూడా ఉంటుంది.

మ్యాక్‌లో?

సుడో రూట్ -ఎన్ యాడ్ -నెట్ 192.168.50.0/24 192.168.1.2

ఇది తాత్కాలికం. శాశ్వతంగా కావాలంటే "నెట్‌వర్క్‌సెటప్ -సెట్‌అడిషనల్‌రూట్స్" అని, దాని తర్వాత సర్వీస్ పేరు, నెట్‌వర్క్, మాస్క్, గేట్‌వే వరుసగా ఇవ్వాలి. ఈ కమాండ్ పాత జాబితాకు కలపదు, మొత్తం జాబితానే మార్చేస్తుంది. కాబట్టి ముందు "-గెట్‌అడిషనల్‌రూట్స్"తో ఉన్నవి చూసుకుని, పాతవాటిని కూడా కలిపి ఇవ్వండి.

రీస్టార్ట్ చేస్తే రూట్ పోతోంది. నిలిచి ఉండాలంటే?

విండోస్‌లో "రూట్ -పి యాడ్" అని మొదలుపెడితే చాలు. అది రిజిస్ట్రీలోకి వెళ్తుంది. "రూట్ ప్రింట్" అవుట్‌పుట్‌లో ఐపీవీ4 భాగం కింద పర్సిస్టెంట్ రూట్స్ అనే శీర్షికతో విడిగా కనిపిస్తుంది.

లినక్స్‌లో రూట్ పోవడానికి రీస్టార్టే అక్కర్లేదు. వైఫై ఒకసారి తెగి కలిసినా, ఇంటర్‌ఫేస్ డౌన్ అయి లేచినా పోతుంది. "మధ్యాహ్నం దాకా బాగానే ఉంది, తర్వాత ఆగిపోయింది" అనే ఫిర్యాదుల వెనక తరచుగా ఇదే ఉంటుంది. నిలవాలంటే నెట్‌వర్క్‌ని ఏ ప్రోగ్రామ్ నడిపిస్తోందో దానికే చెప్పాలి.

డెస్క్‌టాప్ లినక్స్‌లోనూ, రెడ్ హ్యాట్ కుటుంబం సర్వర్లలోనూ సాధారణంగా నెట్‌వర్క్‌మేనేజర్ ఉంటుంది. "ఎన్ఎంసీఎల్ఐ కనెక్షన్ మాడిఫై" అని, కనెక్షన్ పేరు ఇచ్చి, ఆ తర్వాత "+ఐపీవీ4.రూట్స్" అని, కోట్స్ మధ్యలో "192.168.50.0/24 192.168.1.2" ఇవ్వండి. ముందున్న ప్లస్ గుర్తు ముఖ్యం. అది లేకపోతే అంతకుముందు వేసిన రూట్లన్నీ చెరిగిపోయి ఇదొక్కటే మిగులుతుంది. ఆ తర్వాత "ఎన్ఎంసీఎల్ఐ కనెక్షన్ అప్" అని అదే కనెక్షన్ పేరుతో కొడితే అమల్లోకి వస్తుంది.

ఉబుంటు సర్వర్‌లో 17.10 వెర్షన్ నుంచి నెట్‌ప్లాన్ ఉంది. ఈటీసీ ఫోల్డర్‌లోని నెట్‌ప్లాన్ డైరెక్టరీలో యామల్ ఫైల్ తెరిచి, మీ ఇంటర్‌ఫేస్ కింద "రూట్స్" అని పెట్టి, దాని కింద "టు" దగ్గర 192.168.50.0/24, "వయా" దగ్గర 192.168.1.2 రాయాలి. స్పేస్‌లే వాడండి, ట్యాబ్ వాడితే యామల్ ఒప్పుకోదు. రాశాక "నెట్‌ప్లాన్ అప్లై" కొట్టకండి, "నెట్‌ప్లాన్ ట్రై" కొట్టండి. 120 సెకన్లలో మీరు ఎంటర్ నొక్కకపోతే పాత సెట్టింగులకు అదే తిరిగి వెళ్లిపోతుంది.

ఒక మాట. ఊరూరా తిరిగే ల్యాప్‌టాప్‌లో విండోస్ "-పి" రూట్ వేయడం నాకు నచ్చదు. ఆ రూట్ ఏ నెట్‌వర్క్‌కు వెళ్లినా వెంటే వస్తుంది. ఇంకో చోట కూడా 192.168.1.0 నెట్‌వర్కే ఉంటే, అక్కడ 192.168.1.2 ఎవరిదో అయిన పరికరానికి మీ ప్యాకెట్లు వెళ్తాయి. నెట్‌వర్క్‌మేనేజర్ రూట్ అలా కాదు. ఆ కనెక్షన్ ప్రొఫైల్‌కే అతుక్కుని ఉంటుంది.

కమాండ్ కొడితే ఎర్రర్ వస్తోంది. ఏ ఎర్రర్‌కు ఏ అర్థం?

లినక్స్‌లో "ఆపరేషన్ నాట్ పర్మిటెడ్" అంటే సుడో మరిచారు. విండోస్‌లో "రిక్వైర్స్ ఎలివేషన్" అన్నా అదే సంగతి. "ఫైల్ ఎగ్జిస్ట్స్" అంటే ఆ రూట్ ఇప్పటికే ఉంది. ఫైల్ అన్న మాట చూసి కంగారు పడొద్దు, ఫైళ్లకూ దీనికీ సంబంధం లేదు. గేట్‌వే మార్చాలనుకుంటే "యాడ్" బదులు "రీప్లేస్" వాడండి.

"నెక్స్ట్‌హాప్ హ్యాజ్ ఇన్‌వాలిడ్ గేట్‌వే" అనేది బాగా ఎక్కువగా వచ్చేది. పాత కెర్నెళ్లలో ఇదే సందర్భానికి "నెట్‌వర్క్ ఈజ్ అన్‌రీచబుల్" అని వచ్చేది. మీరు గేట్‌వేగా ఇచ్చిన అడ్రస్ మీ సొంత నెట్‌వర్క్‌లో లేదని అర్థం. మన ఉదాహరణలో కొత్తవాళ్లు 192.168.1.2 బదులు 192.168.50.1 ఇస్తుంటారు. అదీ ఆ రూటర్ అడ్రసే కదా అనిపిస్తుంది. కానీ 192.168.50.1ని చేరడానికే దారి తెలియదు, దారి అడుగుతున్నదే మనం. గేట్‌వే అడ్రస్ ఎప్పుడూ ఆ రూటర్‌కు మీ వైపు ఉన్న అడ్రసే అవ్వాలి.

"ఇన్‌వాలిడ్ ప్రిఫిక్స్" అని వస్తే, 192.168.50.10/24 అని రాసి ఉంటారు. /24 అన్నప్పుడు చివరి అంకె 0 ఉండాలి. ఒక్క రికార్డర్‌కే రూట్ కావాలంటే 192.168.50.10/32 రాయండి.

రూట్ వేశాను, టేబుల్‌లో కనిపిస్తోంది. అయినా పింగ్ రావట్లేదు. ఎందుకు?

ఈ పేజీలో ఒక్క జవాబే చదవగలిగితే ఇది చదవండి. మీరు వేసిన రూట్ వెళ్లడానికే. రావడానికి కాదు. రికార్డర్ చేతిలో మీ ప్యాకెట్ పడ్డాక, 192.168.1.20కి జవాబు ఎలా పంపాలో దానికి విడిగా తెలిసి ఉండాలి. రూటింగ్‌లో వచ్చిన దారి గుర్తుపెట్టుకుని అదే దారిన వెనక్కి పంపడం అనేది ఉండదు. ప్రతి పరికరమూ తన టేబుల్ తనే చూసుకుంటుంది.

కెమెరాల విషయంలో ఇది ఎక్కడ తెగుతుందంటే, బిగించే వ్యక్తి రికార్డర్ సెట్టింగుల్లో ఐపీ, మాస్క్ ఇచ్చి, గేట్‌వే అనే గడిని ఖాళీగానో 0.0.0.0 అనో వదిలేస్తారు. అదే నెట్‌వర్క్‌లో టీవీ పెట్టి చూస్తే బొమ్మ వస్తుంది కాబట్టి పని పూర్తయిందనుకుంటారు. బయటి నెట్‌వర్క్ నుంచి ఎవరైనా పలకరిస్తేనే లోపం బయటపడుతుంది. ఆ గడిలో 192.168.50.1 పెట్టగానే పింగ్ వచ్చేస్తుంది.

అది సరిగ్గా ఉన్నా రాకపోతే, రెండో రూటర్ ఫైర్‌వాల్ చూడాలి. ఇళ్లలో వాడే రూటర్లు తమ వ్యాన్ పోర్టు (ఇంటర్నెట్ కేబుల్ పెట్టే చోటు) వైపు నుంచి కొత్తగా వచ్చేవాటిని లోపలికి రానివ్వవు. 192.168.1.2 అన్నది మన రెండో రూటర్‌కు వ్యాన్ పోర్టే. దానికి మనం ఇంటివాళ్లమని తెలియదు. 192.168.1.0/24 నుంచి 192.168.50.0/24కి రావచ్చని అందులో ఒక నియమం రాయాలి. కొందరు ఇబ్బంది ఎందుకని ఆ రూటర్‌లో నాట్ (లోపలి అడ్రస్‌ల బదులు రూటర్ తన అడ్రస్ పెట్టి పంపడం) మొత్తం ఆపేస్తారు. అలా చేస్తే అప్పటిదాకా పనిచేసిన కెమెరాల ఇంటర్నెట్ ఆగిపోతుంది. ఎందుకంటే ఇప్పుడు ప్యాకెట్లు 192.168.50 అడ్రస్‌లతోనే బ్రాడ్‌బ్యాండ్ రూటర్‌కు చేరతాయి, వాటికి వచ్చే జవాబుల్ని ఎటు పంపాలో ఆ రూటర్‌కు తెలియదు. నాట్ ఆపితే బ్రాడ్‌బ్యాండ్ రూటర్‌లో కూడా 192.168.50.0/24కి రూట్ వేయాలి.

ఊహించడం కన్నా చూడటం మేలు. దారిలో ఎక్కడైనా లినక్స్ మెషీన్ ఉంటే అక్కడ "టీసీపీడంప్ -ఎన్ -ఐ ఎనీ ఐసీఎంపీ" నడిపి, ల్యాప్‌టాప్ నుంచి పింగ్ చేయండి. ఎకో రిక్వెస్ట్ (పింగ్ ప్రశ్న) వరుసలు వరసగా పడుతూ, ఎకో రిప్లై (దాని జవాబు) ఒక్కటీ లేకపోతే మీ రూట్ బాగానే ఉంది, తిరుగు దారే లేదు. రిక్వెస్టే కనిపించకపోతే తప్పు మీ వైపు ఉంది. ఈ ఒక్క పరీక్ష సగం పనిని తగ్గిస్తుంది.

అవతలిది విండోస్ కంప్యూటర్ అయితే ఇంకో సంగతి. దాని ఫైర్‌వాల్ మామూలుగానే పింగ్‌కు జవాబివ్వకపోవచ్చు. ఫైల్ షేరింగ్ నియమాలు కూడా చాలాసార్లు లోకల్ సబ్‌నెట్‌కే పరిమితమై ఉంటాయి. అక్కడ పింగ్ రాలేదని రూట్‌ని తప్పుపట్టకండి.

పింగ్ వస్తోంది, కానీ వెబ్ పేజీ తెరుచుకోకుండా తిరుగుతూనే ఉంది. ఇదేమిటి?

రూట్‌ని ల్యాప్‌టాప్‌లో కాకుండా బ్రాడ్‌బ్యాండ్ రూటర్‌లో వేశారా? అయితే కారణం ఇది కావచ్చు. ల్యాప్‌టాప్ ప్యాకెట్‌ని 192.168.1.1కి ఇస్తుంది, అది 192.168.1.2కి అందిస్తుంది, అక్కడి నుంచి రికార్డర్‌కు చేరుతుంది. జవాబు మాత్రం 192.168.1.2 నుంచి నేరుగా ల్యాప్‌టాప్‌కు వచ్చేస్తుంది, ఇద్దరూ ఒకే నెట్‌వర్క్‌లో ఉన్నారు కాబట్టి. అంటే బ్రాడ్‌బ్యాండ్ రూటర్ సంభాషణలో ఒక వైపే వింటోంది.

పింగ్‌కు అది చాలు. వెబ్ పేజీలు వాడే టీసీపీకి చాలదు. కనెక్షన్ మొదలయ్యేటప్పుడు సిన్, దానికి సిన్-యాక్, మళ్లీ యాక్ అని మూడు అడుగులు ఉంటాయి. మధ్య అడుగు బ్రాడ్‌బ్యాండ్ రూటర్ చూడలేదు. మూడోది రాగానే "ఈ కనెక్షన్ నేను ఎరగను" అని కొన్ని ఫైర్‌వాల్‌లు దాన్ని పడేస్తాయి. పేజీ తిరుగుతూ ఉండిపోతుంది.

కొన్ని రూటర్లు "నేరుగా 192.168.1.2కే ఇవ్వు" అని ల్యాప్‌టాప్‌కు ఐసీఎంపీ రీడైరెక్ట్ అనే సందేశం పంపుతాయి. ల్యాప్‌టాప్ దాన్ని ఒప్పుకుంటే సమస్య కనిపించదు. భద్రత కోసం చాలా మెషీన్లలో రీడైరెక్ట్‌లు ఆపేసి ఉంటాయి. అందుకే ఒకే ఇంట్లో ఒక ల్యాప్‌టాప్‌లో పేజీ వచ్చి ఇంకొకదాంట్లో రాకపోవడం జరుగుతుంది. ఎవరికైనా టెన్షన్ పుట్టించే లక్షణం ఇది.

మరి రూట్ ఎక్కడ వేయాలి? ప్రతి కంప్యూటర్‌లోనా, రూటర్‌లోనా?

ఒకటి రెండు కంప్యూటర్లయితే వాటిలోనే వేయండి. ఎక్కువ ఉంటే డీహెచ్‌సీపీ ద్వారా పంచడం శుభ్రమైన పద్ధతి. 2002లో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 3442 అనే ఇంటర్నెట్ ప్రమాణం ప్రకారం ఆప్షన్ 121 అనేది ఉంది. ఐపీ అడ్రస్‌తో పాటు స్టాటిక్ రూట్లను కూడా ప్రతి కంప్యూటర్‌కూ అదే అందిస్తుంది. డీఎన్ఎస్‌మాస్క్ అనే డీహెచ్‌సీపీ ప్రోగ్రామ్ వాడే రూటర్లలో దీనికి ఒక్క లైన్ చాలు.

దీంట్లో ఒక మెలిక ఉంది. ఆప్షన్ 121 అందుకున్న క్లయింట్, మామూలుగా డిఫాల్ట్ గేట్‌వే చెప్పే ఆప్షన్ 3ని పట్టించుకోకూడదని ఆ ప్రమాణంలోనే ఉంది. కాబట్టి 121లో కెమెరాల రూట్ ఒక్కటే పెడితే కెమెరాలు వస్తాయి, ఇంటర్నెట్ పోతుంది. 0.0.0.0/0కి 192.168.1.1 అన్నది కూడా అదే ఆప్షన్‌లో చేర్చండి.

ఒకే అడ్రస్‌కు రెండు రూట్లు సరిపోతే కంప్యూటర్ ఏది ఎంచుకుంటుంది?

ప్రిఫిక్స్ పొడవుగా ఉన్నదాన్ని. జిల్లా పేరు, ఊరి పేరు, వీధి పేరు మూడూ దొరికితే పోస్ట్‌మ్యాన్ వీధినే పట్టుకున్నట్టు, /32 ఉంటే /24ని, /24 ఉంటే /16ని చూడదు. డిఫాల్ట్ రూట్ /0 కాబట్టి ఏదీ దొరకనప్పుడే దాని వంతు. 1993లో సైడర్ (ప్రిఫిక్స్‌తో అడ్రస్‌లు పంచే పద్ధతి) వచ్చి ఏ, బీ, సీ క్లాసుల పద్ధతి పక్కకు వెళ్లినప్పటి నుంచి ఇంటర్నెట్ అంతా ఈ నియమం మీదే నడుస్తోంది.

మెట్రిక్ అనే అంకె లెక్కలోకి వచ్చేది ప్రిఫిక్స్ పొడవు సమానమైనప్పుడే. తక్కువ అంకెదే గెలుపు. "మెట్రిక్ 1 ఇచ్చాను, అయినా ఇంకో దారిలోనే వెళ్తోంది" అంటే అవతలి రూట్ ప్రిఫిక్స్ పొడవైనదై ఉంటుంది. విండోస్‌లో రూట్ మెట్రిక్‌కు ఇంటర్‌ఫేస్ మెట్రిక్ కూడా కలుస్తుంది. ఆ మొత్తాన్నే అది పోలుస్తుంది.

వీపీఎన్ ఆన్ చేస్తే కొన్ని అడ్రస్‌లు దొరకట్లేదు. రూట్ వేస్తే సరిపోతుందా?

ముందు ఏ రకమో తెలుసుకోవాలి. హైదరాబాద్‌లోనో విశాఖలోనో ఇంటి నుంచి అమెరికా క్లయింట్ నెట్‌వర్క్‌కు కలిసి పనిచేసేవాళ్లకు ఎక్కువగా ఎదురయ్యేది అడ్రస్‌ల ఢీ. ఆఫీసులో సర్వర్ 192.168.1.40, మీ ఇంటి నెట్‌వర్క్ కూడా 192.168.1.0/24. ల్యాప్‌టాప్ ఆ సర్వర్‌ని మీ హాల్లో వెతుకుతుంది. ప్రైవేటు అడ్రస్‌లుగా 1996లో ఆర్ఎఫ్‌సీ 1918 కేటాయించినవి మూడే శ్రేణులు: 10.0.0.0/8, 172.16.0.0/12, 192.168.0.0/16. అందరూ వీటిలోంచే తీసుకోవాలి, రూటర్ కంపెనీలన్నీ 192.168.0 లేదా 192.168.1 పెట్టి అమ్ముతాయి, కాబట్టి ఈ ఢీ సహజం. తాత్కాలికంగా 192.168.1.40/32కి వీపీఎన్ ఇంటర్‌ఫేస్ మీదుగా రూట్ వేస్తే పని జరుగుతుంది. అసలు పరిష్కారం మాత్రం ఇంటి నెట్‌వర్క్‌ని 10.73.45.0/24 లాంటి ఎవరూ వాడని చోటికి మార్చుకోవడమే. డెవలపర్లకు ఇంకో ఢీ ఉంది. డాకర్ తన బ్రిడ్జ్‌కు మామూలుగా 172.17.0.0/16 తీసుకుంటుంది. ఆఫీసులోనూ 172.17 ఉంటే ఆ సర్వర్లు మీకు మాయమైపోతాయి.

రెండో రకం, వీపీఎన్ మొత్తం ట్రాఫిక్‌ని తనలోకి లాక్కోవడం. ఓపెన్‌వీపీఎన్ దీన్ని తెలివిగా చేస్తుంది. మీ డిఫాల్ట్ రూట్‌ని ముట్టుకోకుండా 0.0.0.0/1, 128.0.0.0/1 అని రెండు రూట్లు వేస్తుంది. రెండూ కలిస్తే లోకమంతా, ప్రిఫిక్స్ /0 కన్నా పొడవు, కాబట్టి గెలుపు వాటిదే. టేబుల్‌లో ఈ జంట కనిపిస్తే ఏం జరుగుతోందో మీకు అర్థమైపోతుంది.

ఆఫీసు వీపీఎన్ సాఫ్ట్‌వేర్ కొన్నిసార్లు రూటింగ్ టేబుల్‌ని కనిపెడుతూ ఉండి, మీరు వేసిన రూట్‌ని తీసేస్తుంది. అది కంపెనీ భద్రతా నియమం. దాన్ని దాటే దారులు వెతక్కుండా నెట్‌వర్క్ టీమ్‌ని అడగండి.

ఒక్క వెబ్‌సైట్‌ని మాత్రం వేరే కనెక్షన్ మీదుగా పంపొచ్చా?

రూటింగ్ టేబుల్‌కు పేర్లు తెలియవు, అడ్రస్‌లే తెలుసు. ఒకే అడ్రస్ మీద ఉండే సొంత సర్వర్ అయితే /32 రూట్ చక్కగా పనిచేస్తుంది. పెద్ద సైట్లు సీడీఎన్‌ల (చాలా చోట్ల నుంచి పేజీలు అందించే సర్వర్ల) వెనక ఉంటాయి. వాటి అడ్రస్‌లు మారుతుంటాయి, ఒకే అడ్రస్ వెనక వేరే సైట్లు కూడా ఉంటాయి. వాటికి స్టాటిక్ రూట్‌తో కుస్తీ పట్టడం అనవసరం. బ్రౌజర్‌లో ప్రాక్సీ పెట్టుకోవడం సులువు.

దూరంలో ఉన్న సర్వర్‌లో రూట్లు మార్చాలి. కనెక్షన్ తెగిపోతే?

ఈ భయం అవసరమైనదే. ఎస్ఎస్‌హెచ్‌లో (దూరం నుంచి తెరిచిన కమాండ్ లైన్‌లో) ఉండి డిఫాల్ట్ రూట్ తప్పుగా మారిస్తే, సరిదిద్దడానికి మీరు లోపలికి వెళ్లే దారే ఉండదు.

మొదటి జాగ్రత్త: మీరు ఏ అడ్రస్ నుంచి లోపలికి వచ్చారో చూసుకుని, దానికి పాత గేట్‌వే మీదుగా ఒక /32 రూట్ ముందే వేయండి. తర్వాత డిఫాల్ట్ రూట్ ఏమైనా మీ సెషన్ బతికే ఉంటుంది. రెండోది, మార్పు చేసే ముందే దాన్ని రద్దు చేసే కమాండ్‌ని ఆలస్యంగా నడిచేలా పెట్టండి. టీమక్స్ సెషన్‌లో (మీ కనెక్షన్ తెగినా ఇది నడుస్తూనే ఉంటుంది) "స్లీప్ 120" అని, సెమీకోలన్ పెట్టి, పాత రూట్‌ని తిరిగి తెచ్చే "ఐపీ రూట్ రీప్లేస్" కమాండ్ రాసి వదలండి. అంతా బాగుంటే వచ్చి ఆపేస్తారు, బాగోకపోతే రెండు నిమిషాల్లో పాత స్థితి వస్తుంది. సిస్కో రూటర్ల మీద పనిచేసేవాళ్లు "రీలోడ్ ఇన్ 5" కొట్టి మొదలుపెట్టేది ఇందుకే. బాగుంటే "రీలోడ్ క్యాన్సిల్", ఆ తర్వాతే సేవ్. ముందే సేవ్ చేస్తే రీలోడ్ అయినా తప్పుడు రూట్‌తోనే లేస్తుంది.

విండోస్‌లో "రూట్ -ఎఫ్" అనే కమాండ్‌ని రిమోట్‌గా ఎప్పుడూ కొట్టకండి. గేట్‌వే ఉన్న రూట్లన్నిటినీ, డిఫాల్ట్‌తో సహా, తుడిచేస్తుంది.

రెండో రూటర్ బదులు పాత లినక్స్ కంప్యూటర్ పెట్టాను. రూట్లన్నీ సరే, ప్యాకెట్లు దాటట్లేదు.

లినక్స్ మామూలుగా ఒక కార్డు మీద వచ్చిన ప్యాకెట్‌ని ఇంకో కార్డు మీదికి పంపదు. "సుడో సిస్‌సీటీఎల్ -డబ్ల్యూ నెట్.ఐపీవీ4.ఐపీ_ఫార్వర్డ్=1" కొట్టండి. నిలిచి ఉండటానికి ఇదే సెట్టింగ్‌ని ఈటీసీలోని సిస్‌సీటీఎల్.డి కింద ఒక ఫైల్‌లో రాయండి. అదే మెషీన్‌లో డాకర్ ఉంటే ఫైర్‌వాల్‌లోని ఫార్వర్డ్ చైన్ పాలసీని అది డ్రాప్‌గా మార్చి ఉండవచ్చు, అదీ చూడండి. వెళ్లే దారి ఒక కార్డు, వచ్చే దారి ఇంకో కార్డు అయితే ఆర్‌పీ_ఫిల్టర్ అనే సెట్టింగ్ ప్యాకెట్లను నిశ్శబ్దంగా పడేస్తుంది. దాన్ని 2 చేస్తే కాస్త సడలుతుంది.

ఐపీవీ6కి కమాండ్ వేరేనా?

లినక్స్‌లో "ఐపీ -6 రూట్ యాడ్", మిగతాదంతా అలాగే. గేట్‌వేగా ఎఫ్ఈ80తో మొదలయ్యే లింక్-లోకల్ అడ్రస్ ఇస్తే "డెవ్" తప్పనిసరి. ఆ అడ్రస్‌లు ప్రతి ఇంటర్‌ఫేస్ మీదా చెల్లుతాయి కాబట్టి ఎటు వెళ్లాలో మీరే చెప్పాలి.

వేసిన రూట్ తీసేయాలంటే?

లినక్స్‌లో "సుడో ఐపీ రూట్ డెల్ 192.168.50.0/24". విండోస్‌లో "రూట్ డిలీట్ 192.168.50.0", ఇది పర్సిస్టెంట్ రూట్‌ని కూడా తీసేస్తుంది. మ్యాక్‌లో "సుడో రూట్ -ఎన్ డిలీట్ -నెట్ 192.168.50.0/24". నెట్‌ప్లాన్‌లోనో నెట్‌వర్క్‌మేనేజర్‌లోనో రాసి ఉంటే అక్కడ కూడా తీయాలి, లేకపోతే తర్వాతి కనెక్షన్‌తో మళ్లీ వచ్చి కూర్చుంటుంది.

ఫోన్ నుంచి కూడా కెమెరాలు చూడాలి. ఫోన్‌లో రూట్ వేయొచ్చా?

ఐఫోన్ సెట్టింగుల్లో గానీ మామూలు ఆండ్రాయిడ్ సెట్టింగుల్లో గానీ స్టాటిక్ రూట్‌కు చోటు లేదు. బ్రాడ్‌బ్యాండ్ రూటర్‌లో రూట్ వేసి, పైన చెప్పిన ఒక వైపు వినే సమస్య వస్తోందేమో చూసుకోవడం ఒక మార్గం. ఇంకోటి, ఇంట్లో వైర్‌గార్డ్ అనే వీపీఎన్ సర్వర్ పెట్టి, ఫోన్ ప్రొఫైల్‌లోని అలౌడ్ ఐపీస్ దగ్గర 192.168.50.0/24 రాయడం. వైర్‌గార్డ్ యాప్ ఆ వరుసనే ఫోన్‌లో రూట్‌గా పెడుతుంది. వైర్‌గార్డ్ సర్వర్‌ని రెండో రూటర్‌లోనే నడపగలిగితే ఇంకా మంచిది. టన్నెల్ అక్కడే ముగుస్తుంది కాబట్టి రికార్డర్ జవాబు తన గేట్‌వే దగ్గరే సరైన దారి పట్టుకుంటుంది.